దండం దశగుణం: ఆ పదింటిలో పిల్లలు లేరు

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు తిరుపతి, చిత్తూరు పల్లెల్లో బిడ్డను అయ్యవారికి అప్పజెబుతూ నాయన అనే మాట ఒకటుంది: “కళ్లు మాత్రం వదిలిపెట్టి తోలు తీయండి సార్!” ఆ మాటలో ఉన్నది బిడ్డ బాగుపడాలన్న ఆరాటమే. పక్కన చొక్కా అంచు నలుపుకుంటూ నిలబడిన బిడ్డకు మాత్రం అందులో తోలు ఒక్కటే వినబడుతుంది.

అపోహ: “దండం దశగుణం భవేత్” అని పెద్దలే చెప్పారు కదా!

వాస్తవం: అది చేతికర్ర ఉపయోగాలు చెప్పే సంస్కృత శ్లోకంలోని చివరి ముక్క. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువుల నుంచి కాపాడుకోవడానికి, బురదలో, నీళ్లలో, చీకట్లో ఊతానికి, చూపు లేనివారికి, ముసలివారికి ఆసరాకి కర్ర పనికొస్తుందని దాని అర్థం. లెక్క పదితో సరిపోయింది. బిడ్డలను కొట్టడం అందులో ఎక్కడా లేదు.

అపోహ: దెబ్బ పడనిదే చదువు రాదు.

వాస్తవం: 1895లో మదనపల్లెలో పుట్టిన ఒక పిల్లవాడు పాఠం అప్పజెప్పలేకపోయేవాడు. మద్రాసు మైలాపూరు బడిలో పంతులు ఇంచుమించు రోజూ కొట్టేవాడు. మందబుద్ధి అని ముద్ర పడింది. అదే పిల్లవాడు చిన్నప్పుడు ఒకసారి తండ్రి గడియారాన్ని ఊడదీసి, మళ్లీ బిగించేదాకా బడికి కదల్లేదు, అన్నానికీ లేవలేదు. బెత్తానికి కనబడని ఏకాగ్రత అది! ఆయనే తర్వాత తాత్వికుడిగా పేరుపొందిన జిడ్డు కృష్ణమూర్తి.

అపోహ: కొట్టకుండా వదిలేస్తే నెత్తికెక్కుతారు.

వాస్తవం: కొట్టకపోవడం వేరు, వదిలేయడం వేరు. మన చర్చలన్నీ తప్పుదారి పట్టేది ఇక్కడే. మదనపల్లె దగ్గర కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడిలో శిక్షలూ లేవు, బహుమతులూ లేవు. వేళలు, నియమాలు మాత్రం ఉన్నాయి. పొద్దు గుంకే వేళ పిల్లలు ఒకచోట చేరి మాట్లాడకుండా కూర్చుంటారు. దానికి ‘అస్తాచల్’ అని పేరు. ఆ సంస్థ నడిపే పల్లె బడుల్లో అయితే ఒకటి నుంచి ఐదు దాకా అందరూ ఒకే గదిలో ఉంటారు. గోడమీది ‘నిచ్చెన’ పటంలో తానెక్కడున్నాడో బిడ్డే చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని పనిలో పడతాడు. ఈ పద్ధతి తమిళనాడు, కర్ణాటక సర్కారు బడులకూ దారి చూపింది.

అపోహ: మేం దెబ్బలు తినే బాగుపడ్డాం.

వాస్తవం: సుమారు 1.6 లక్షల మంది పిల్లల మీద జరిగిన అధ్యయనాలను గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే పరిశోధకులు 2016లో కలిపి పరిశీలించారు. పిర్ర మీద కొట్టే దెబ్బలతో నడవడి మెరుగుపడిన దాఖలా వారికి కనబడలేదు. దెబ్బలు తిన్న పిల్లల్లో మొండితనం, దుడుకుతనమే ఎక్కువగా కనిపించాయి. బాగుపడ్డవారు బాగుపడింది దెబ్బల వెనకున్న ప్రేమవల్ల కావచ్చు.

అపోహ: కన్నవాళ్లే కొట్టమన్నాక అయ్యవారి తప్పేముంది?

వాస్తవం: 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. అమ్మానాన్నలు ఒప్పుకుంటే సరేనన్న మినహాయింపు అందులో లేదు. బిడ్డకు బడిలో దెబ్బలు పడుతుంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. వచ్చే జూన్‌లో అయ్యవారి ముందు నిలబడినప్పుడు, బిడ్డకు ఏది ఇష్టమో, దేనికి భయపడతాడో చెప్పి రండి.