పానా పట్టిన పంతులు

మా నాన్నగారికి 1976 నాటి అంబాసిడర్ కారు వుండేది. ఆయన తెనాలిలో ప్లీడరు. కారు మొరాయించినప్పుడల్లా మేస్త్రీ వచ్చి బానెట్ ఎత్తేవాడు. నేను తల దూర్చి చూడబోతే, "నీకెందుకురా ఆ మసి పని? పోయి చదువుకో" అనేవారు నాన్నగారు. నేను చదువుకొన్నాను. తెలుగులో ఎం.ఏ. చేసి, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పద్యానికి గణవిభజన నిద్రలో లేపి అడిగినా చేస్తాను. కాని నలభై రెండేళ్ళు వచ్చేదాకా స్పార్కు ప్లగ్గును చేత్తో ముట్టి ఎరుగను.

అటువంటివాడిని 2019లో ఇంగ్లండులో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. కొనడమే గాక దాని మరమ్మతులు కూడా చేసుకొన్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. చేతిపని అంటే జంకే నావంటివారు పాఠకులలో కొందరైనా వుంటారు గదా, వారి కోసం చెబుతున్నాను.

మా ఆవిడ డాక్టరు. ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని ఒక ఆసుపత్రిలో ఆమెకు రెండేళ్ళ ఉద్యోగం దొరికితే, నేను కాలేజీకి సెలవు పెట్టి, పన్నెండేళ్ళ మా అమ్మాయిని తీసుకొని వెంట వెళ్ళాను. అక్కడ ఒకరి ఇంటి ముందు 1972 నాటి ఎర్రని ఎం.జి.బి. కారు అమ్మకానికి కనబడింది. ధర తక్కువ. ఎందుకు తక్కువో ఇంటికి తెచ్చిన తరువాత తెలిసింది.

మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏమండీ, మనం ముగ్గురం గదా! దీనికి సీట్లు రెండే వున్నాయేం?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఎం.జి.బి. 1962లో పుట్టింది. మేమున్న చోటికి దగ్గరలోనే వున్న ఆబింగ్డన్ అనే చిన్న వూళ్ళో 1980 దాకా తయారైంది. మొత్తం 5 లక్షలకు పైగా చేశారు. నాలుగు సిలిండర్లు, 1798 సి.సి. ఇంజను, రెండు ఎస్.యు. కార్బురేటర్లు. ఈ ఎస్.యు. కార్బురేటరును కనిపెట్టిన స్కిన్నర్ సోదరులది చెప్పుల వ్యాపారం చేసిన కుటుంబం. అందుకే కాబోలు, మొదట్లో దానిలో తోలుతిత్తి వుండేదట! ఇక ఈనాటి కార్లలోవలె కంప్యూటర్లూ గింప్యూటర్లూ ఇందులో లేవు. ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. కొత్తగా నేర్చుకొనేవాడికి ఇంతకంటె మంచి బడి లేదు.

మా పక్కింటి ముసలాయన కుర్రతనంలో ఆ ఆబింగ్డన్ కార్ఖానాలోనే పని చేశాడు. ఒకనాడు గోడ మీదుగా తొంగి చూసి, "ఇండియావాడివి, ఈ ఇంజనును చూసి భయపడతావేమిటి? అంబాసిడర్ ఎరుగవా?" అని నవ్వాడు. అప్పుడు తెలిసింది. బి-సిరీస్ అనే ఇంజను కుటుంబం ఒకటి వున్నది. మన అంబాసిడర్‌లో పెట్టిన 1489 సి.సి. ఇంజను ఆ కుటుంబానిదే. అదే 1489 సి.సి. ఇంజనుకు రెండు కార్బురేటర్లు తగిలించి 1955లో ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారు చేశారు. ఎం.జి.బి. దాని తమ్ముడు. అంటే, చిన్నప్పుడు నాన్నగారు చూడనివ్వని ఇంజనే వేషం మార్చుకొని వచ్చి నా ముంగిట్లో నిలబడిందన్నమాట!

నాకు తెలిసిన మార్గం ఒకటే కనుక ముందుగా పుస్తకం కొన్నాను. జాన్ హేన్స్ అనే ఆయన 1966లో ఒక స్పోర్ట్స్ కారు మరమ్మతుల మీద పుస్తకం వేశాడు. కారును నిజంగా విప్పి, ఫోటోలు తీసి, తిరిగి బిగించి రాయడం ఆయన పద్ధతి. తరువాత ఎన్నో కార్లకు అటువంటి పుస్తకాలు వచ్చాయి. నేను నా కారు పుస్తకాన్ని ప్రబంధం చదివినట్టు మూడుసార్లు చదివాను. అయినా పానా పట్టుకొనేసరికి చెయ్యి వణికింది. పైగా ఆ పుస్తకం విప్పడం గురించి పది మెట్లు చెబుతుంది గాని, బిగించే దగ్గరకు వచ్చేసరికి ఆ మెట్లే తిరగేసుకోమని వూరుకొంటుంది. ఎక్కినవాడికి దిగడం చెప్పాలా అని కాబోలు!

మొదటి పనిలోనే దెబ్బ తిన్నాను. ఈ కారు నట్లకు అంగుళాల కొలత. అది తెలియక, అర అంగుళం నట్టుకు 13 మిల్లీమీటర్ల పానా పెట్టాను. తేడా 0.3 మిల్లీమీటర్లే. గట్టిగా తిప్పేసరికి నట్టు మూలలు అరిగి గుండ్రమైపోయింది. ముసలాయన దానిని ఎలాగో వూడదీసి, నా చేతిలో పెట్టి, దాచుకోమన్నాడు. ఇప్పటికీ నా బల్ల మీద వున్నది.

రెండో దెబ్బ ప్లగ్గుల దగ్గర. నాలుగింటి తీగలూ ఒక్కసారే పీకి, తిరిగి పెట్టేటప్పుడు రెండింటిని తారుమారు చేశాను. ఆ ఇంజనులో నిప్పు 1, 3, 4, 2 అనే వరసలో అందాలి. కారు స్టార్టు చేస్తే దగ్గింది, తుమ్మింది, చివరకు వెనక గొట్టంలోంచి తుపాకి పేల్చినట్టు పేలింది. మా అమ్మాయి చెవులు మూసుకొని, "నాన్నా, యతిభంగమా?" అన్నది. పంతులు కూతురు మరి! అప్పటినుంచి ఒక తీగ తీస్తే, దానిని పెట్టిన తరువాతే రెండోది తీస్తున్నాను.

ఈ రెండు తప్పులకూ నష్టం ఒక నట్టు, కొంచెం పరువు. అంతే. ఇక్కడే నాకొక సంగతి బోధపడింది. ధైర్యం వచ్చిన తరువాత పని మొదలుపెడదామని కూర్చుంటే ధైర్యం ఎన్నటికీ రాదు. తప్పు చేసినా పెద్ద నష్టం లేని పని ఏదో చూసి, ముందు దానిని మొదలుపెట్టాలి. సరిగా చేశామో లేదో మన అంతట మనమే సరిచూసుకోగలగాలి. ఆ సరిచూసుకోవడంలోనే ధైర్యం పుడుతుంది.

నాకు అది వాల్వుల దగ్గర పుట్టింది. ఇంజను టకటకమని కంసాలి దుకాణంలా మోగుతున్నది. వాల్వులు ఎనిమిది. ఇంజను చల్లగా వున్నప్పుడు ఒక్కొక్క వాల్వు మీద అంగుళంలో వెయ్యింట 15 వంతుల సందు వుండాలి. ఏ వాల్వును ఎప్పుడు కొలవాలి? ముసలాయన తొమ్మిది లెక్క చెప్పాడు. ఎనిమిదోది పూర్తిగా కిందికి దిగినప్పుడు ఒకటోదాన్ని కొలవాలి. మూడోది దిగినప్పుడు ఆరోది, అయిదోది దిగినప్పుడు నాలుగోది. ఏ జంట కలిపినా తొమ్మిదే! ప్లగ్గులు తీసి, కారును టాప్ గేరులో పెట్టి, మా అమ్మాయి వెనకనుంచి మెల్లగా నెడుతుంటే ఇంజను తిరిగేది. ఆమె అంకె చెప్పేది, నేను సందులో ఫీలర్ గేజి రేకు దూర్చేవాణ్ణి. పుస్తకం బరువు కింద కాగితం లాగినట్టు ఆ రేకు కొంచెం బిగువుగా జరగాలి. ఎనిమిదీ పూర్తిచేసి స్టార్టు చేస్తే కంసాలి దుకాణం మూతపడింది. ఆ సాయంత్రం నేను పొందిన ఆనందం ఎం.ఏ. ఫలితాలు వచ్చిన రోజున కూడా పొందలేదు.

కాని ధైర్యానికి దాని ప్రమాదం దానికి వున్నది. ఆ వుత్సాహంలో ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు నేనే మార్చాను. కొత్తవి పట్టాలంటే లోపలి పిస్టన్లను వెనక్కి నెట్టాలి. తరువాత బ్రేకు పెడలును పలుమార్లు తొక్కి వాటిని తిరిగి ముందుకు తేవాలి. అది చదివాను, మరచిపోయాను. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "నేనూ వస్తా నాన్నా" అంటున్నది. "వుండమ్మా, వాకిట్లో ఒకసారి చూడనీ" అన్నాను. ఆ మాట ఎవరు అనిపించారో! కారు కదిలింది. బ్రేకు తొక్కితే పెడలు నేలకు అంటింది. కారు ఆగలేదు. హ్యాండ్ బ్రేకు లాగితే, కంచెలో మూతి పెట్టి ఆగింది. కారుకేమీ కాలేదు. నా వెన్నులో చెమట మాత్రం చాలాసేపటి దాకా ఆరలేదు.

బ్రిటన్‌లో 2018 మే నుంచి నలభై ఏళ్ళు దాటిన పాత కార్లకు, పెద్ద మార్పులు చేయనట్లయితే, వార్షిక పరీక్ష తప్పనిసరి కాదు. కాని కారు క్షేమంగా వున్నదో లేదో చూసుకొనే బాధ్యత నడిపేవాడి నెత్తినే వుంటుంది. నేను ఎవరూ అడగకుండానే కారును పరీక్షా కేంద్రానికి తీసుకుపోయాను. పెడలు పదిసార్లు తొక్కి, చక్రాల నట్లు రెండుసార్లు చూసుకొని మరీ వెళ్ళాను. అక్కడ బ్రేకులు యంత్రం మీద కొలిచి, ఎడమా కుడీ సమానంగా పట్టుతున్నాయని కాగితం ఇచ్చారు. ఆ కాగితం చేతికి వచ్చిన తరువాతనే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొన్నాను. చేయగలిగింది చేయడం ఒక ధైర్యం. చేసినదాన్ని మరొకరి చేత చూపించుకోవడం అంతకంటె పెద్ద ధైర్యం.

మొదలుపెట్టేవారికి నా అనుభవంలోంచి నాలుగు మాటలు. వైర్ల జోలికి పోయేముందు బ్యాటరీ ఎర్త్ తీగ వూడదీయండి. జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. బ్రేకు ఆయిలు రంగును తినేస్తుంది, ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్ళతో కడగండి. విప్పేముందు ఫోటో తీసుకోండి.

2021లో ఎం.జి.బి.ని అమ్మివేసి ఇంటికి వచ్చాము. పానాల పెట్టె మాత్రం వెంట తెచ్చుకొన్నాను. నాన్నగారు పోయిన తరువాత ఆయన అంబాసిడర్ షెడ్డులో గుడ్డ కప్పుకొని వున్నది. ఒక ఆదివారం ఆ గుడ్డ తీసి, బానెట్ ఎత్తాను. అంగుళాల పానాలు దీనికీ పట్టాయి. వాల్వుల మూత విప్పుతుంటే మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడి, లోపలికి తల దూర్చింది. పోయి చదువుకోమని నేను అనలేదు.

"ఎనిమిదోది దిగింది నాన్నా! ఒకటోది చూడు" అన్నది.