కొండలేని ఊరిలో కొండసైకిలు

చెన్నపట్టణము సముద్రపుటొడ్డున చాప పరచినట్లు చదునుగా పరచుకొన్న ఊరు. కొండ యని చూపుటకు ఇచ్చట ముఖ్యముగా పరంగిమలై యొక్కటి కలదు. దాని ఎత్తు సుమారు 300 అడుగులు, అదియు మెట్లెక్కి పైనున్న క్రైస్తవాలయమును దర్శించు భక్తులకే గాని కొండసైకిలుకు పనికివచ్చునది కాదు. ఇట్టి యూరిలో కాపురముండి, కొండలలో రాళ్లమీదను వేళ్లమీదను పరుగులిడుటకై ప్రత్యేకముగా పుట్టిన సైకిలు నొకదానిని విడిభాగములుగా తెప్పించి, మేడమీది వరండాలో ఆరు ఆదివారములు చతికిలబడి నా చేతులతో నేనే అమర్చుకొంటినన్నచో, ఇంటివారు మొదలుకొని వీధి చివర సైకిళ్లు బాగుచేయు పెద్దాయన వరకు నన్ను మెచ్చుకొన్నవారు లేరు.

పెద్దాయన నెల్లూరు వైపు నుండి చిన్ననాడే వచ్చి ఇచ్చట స్థిరపడినవాడు. అమర్చకముందు ఫ్రేమును ఆయనకు చూపగా, రెండు వ్రేళ్లతో ఎత్తి, గోటితో మీటి, వెదురుబొంగు వలె పలికిన ఆ శబ్దమును చెవియొగ్గి విని, “ఏంది సార్ ఇది, అప్పడం మాదిరుండాదే! ఎక్కితే నిలబడతాదా?” అని అడిగెను.

నవ్వితిని గాని, ఆయన సందేహము తీసివేయదగినది కాదు. ఆయన చేతిమీదుగా పోయిన సైకిళ్లు దాదాపుగా అన్నియు ఉక్కువి. వానిలో ఎక్కువపాలు ఈ యూరిలో పుట్టినవే. 1949లో మురుగప్ప కుటుంబమువారు ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అను సంస్థతో పొత్తు కలిపి టీఐ సైకిల్స్‌ను స్థాపించిరి. అంబత్తూరు కర్మాగారమునుండి వెలువడిన హెర్క్యులెస్, బీఎస్ఏ, ఫిలిప్స్ పేర్లు తెలియని తెలుగు పల్లె ఆ రోజులలో లేదనవచ్చును. అదే అంబత్తూరులో 1959లో డన్‌లప్ వారి టైర్ల కర్మాగారము వెలసినది. తిరువొత్తియూరులో 1946లో పిల్లలాడుకొను బుడగలు చేయుటతో ఆరంభమైన మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీ, నేడు ఎమ్మారెఫ్ పేర దేశమంతట టైర్లు అమ్ముచున్నది. కొండలు లేకున్నను సైకిలుకు కావలసిన గొట్టమును, రబ్బరును, రెంటిని ఎరిగిన ఊరిది.

ఆ కాలపు సైకిలు సుమారు 20 కిలోల బరువుండెడిది. వెనుక వడ్లమూట, ముందు కడ్డీమీద పిల్లవాడు, సీటుమీద తండ్రి—ఇంతమందిని మోయుటకు అంత ఉక్కు కావలసివచ్చినది. దాని బలము లోహపు రాశిలో నున్నది: ఏ వైపునుండి దెబ్బ తగులునో తెలియదు గనుక, అన్ని వైపులను సమానముగా దట్టించుట దాని పద్ధతి. నేను కూర్చుకొన్న సైకిలు, రెండు చక్రములకును ఊగుడు సాధనములుండి కూడ, పెడళ్లతో సహా 11 కిలోలు. దీనియందు బలమును రాశిగా పోయలేదు, దిశనుబట్టి పేర్చినారు. ఈ ఒక్క మాట పట్టుబడినచో మిగిలినదంతయు సులభము.

కార్బను నూలు పుట్టుక బొగ్గు పుట్టుక వంటిదే. కట్టెకు గాలి తగులనిచ్చి కాల్చినచో బూడిద మిగులును. మట్టి కప్పి గాలి తగులకుండ కాల్చినచో బొగ్గగును. పాలీ ఆక్రిలోనైట్రైలు అను కృత్రిమపు దారమును మొదట 200 నుండి 300 డిగ్రీల వేడిలో వేయించి, పిమ్మట ప్రాణవాయువు సోకని కొలిమిలో 1000 డిగ్రీలకు మించి కాల్చగా, తక్కిన మూలకములు ఎగిరిపోయి కేవలము కార్బను మిగులును. ఈ మార్గమును 1960 ప్రాంతమున జపానులోని ఒసాకాలో అకియో షిందో అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఆ పోగు లావు ఐదు నుండి ఏడు మైక్రానులు; అట్టివి పది చేర్చినగాని మన తలవెంట్రుక లావు కాదు. లాగినచో ఉక్కును మించి నిలుచును. అడ్డముగా నొక్కినచో మాత్రము దానికి దిక్కులేదు. వెదురు నెరిగిన మనకిది వింతకాదు: నిలువుపోగు తెగుట కష్టము, కత్తిమొన పెట్టినచో చీలుట క్షణము.

అందుచేత ఫ్రేము చేయువారు ఈ పోగులను జిగురులో తడిపిన పలుచని పట్టీలుగా తెచ్చి, ఒకటి నిలువుగాను, ఒకటి 45 డిగ్రీల ఏటవాలుగాను, ఒకటి అడ్డముగాను, పదుల కొలది ముక్కలను ఒకదానిపై నొకటి చేతులతో అంటించి, అచ్చులో పెట్టి, లోపల గాలితిత్తి ఉబ్బించి, వేడిలో గట్టిపరతురు. యంత్రములెన్ని వచ్చినను ఈ అంటించు పని నేటికిని చాలవరకు మనుష్యుల చేతులదే. నిలువు పోగులు వంపును, ఏటవాలు పోగులు మెలికను ఎదుర్కొనును. పెడలు ఇరుసు చుట్టును పట్టీలు మందముగా చుట్టి కదలని బండవలె చేసి, వెనుక చక్రమును పట్టుకొను సన్నని కొమ్మలయందు పట్టీల సంఖ్య తగ్గించి, దిశ మార్చి, అవి కొద్దిగా వంగి మరల నిటారగునట్లు చేయుదురు. ఒకే పదార్థము ఒకచోట బండ, మూరెడు దూరమున బెత్తము! ఉక్కుతో ఈ పని ఇంత తక్కువ బరువులో సాధ్యము కాదు. మన అంబత్తూరువారు కూడ 2011లో మోంట్రా అను పేర కొత్త తరగతి సైకిళ్లను తెచ్చినప్పుడు వానిలో కార్బను ఫ్రేములవి చేర్చిరి.

బరువు తగ్గించు విద్య సైకిళ్లవారి సొత్తు మాత్రము కాదు. అబ్దుల్ కలాము హైదరాబాదు క్షిపణి కేంద్రమున ఉన్నప్పుడు నిమ్స్ వైద్యుడొకరు ఆయనను తన ఆస్పత్రికి తోడ్కొనిపోగా, అచ్చటి పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు ఊతలను కాళ్లకు కట్టుకొని ఈడ్చుకొనుచుండుట చూచి, అగ్ని క్షిపణి నిర్మాణమున నేర్చిన విద్యతో 300 గ్రాముల ఊతలు చేయించి ఇచ్చిన కథ ఆయన పలుమారులు చెప్పినదే. ఆ పిల్లల ముందు నా ఆదివారపు వేడుక ఎంతటిదని అప్పుడప్పుడు సిగ్గుపడుదును.

ఇక ఊగుడు సంగతి. కావడి మోయువానిని చూచినవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. కావడిబద్ద బిగిసియున్నచో ప్రతి అడుగును భుజము నరకును. అది వంగి లేచుటవలన బరువు మెల్లగా భుజముమీదికి దిగును. కాని ఆ ఊపు తన అడుగుతో కలిసినంతసేపే సుఖము, తప్పినచో బరువు మనిషిని వెనుకకు లాగును. కొండసైకిలుకు వెనుక ఊగుడు పెట్టుటకు పోటీదారులు చిరకాలము జంకుట ఇందుకే. కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతపు యువకులు 1976లో పాత బరువు సైకిళ్లపై కొండ దిగు పందెములు మొదలుపెట్టినప్పుడు వారికి ఏ ఊగుడును లేదు. వెనుకకు త్రొక్కి ఆపు బ్రేకు వేడికి ఇరుసులోని గ్రీజు పొగయై పోయెడిది, ప్రతి దిగుడు తరువాత మరల దట్టింపవలసి వచ్చెడిది గనుక ఆ పందెమునకు ‘రీప్యాక్’ అనియే పేరు నిలిచినది. రాక్‌షాక్స్ వారు 1989లో అమ్మకమునకు తెచ్చిన ముందు ఫోర్కుతో చేతులకు విశ్రాంతి దొరికినది. 1996లో అట్లాంటాలో ఈ క్రీడ ఒలింపిక్స్‌లో చేరినది. వెనుక ఊగుడు మాత్రము, బరువు భయము కార్బను తీర్చిన పిమ్మటనే, పందెపు సైకిళ్లలో సర్వసాధారణమైనది. ఎక్కుడులో కూడ అది ఉపకారియని రౌతులు క్రమముగా గ్రహించిరి: రాయి తగిలినప్పుడు బిగిసిన వెనుకచక్రము ఎగిరి గాలిలో వృథాగా తిరుగగా, ఊగెడి చక్రము నేలను విడువక పట్టును.

నా సైకిలు వెనుకచక్రము 100 మిల్లీమీటర్లు పైకి లేవగలదు; అందుకు లోపలి గాలిగొట్టము కుదించుకొనునది 40 మిల్లీమీటర్లు మాత్రమే. గొట్టములో గాలి తిరిగి ఉబ్బుటకు తొందరపడును; ప్రక్కన నూనె సన్నని రంధ్రములగుండ దూరుచు ఆ తొందరకు కళ్లెము వేయును. దీనిని మనిషి బరువుకు సరిదిద్దుట ఒక చిన్న పూజ. గొట్టముపై నల్లని రబ్బరు ఉంగర మొకటి ఉండును. దానిని అంచువరకు జరిపి, బూట్లతో, నీళ్లసీసాతో సహా మెల్లగా సీటుపై కూర్చుండి, ఊపకుండ దిగి, ఉంగరము ఎంత జరిగినదో స్కేలుతో కొలువవలెను. 8 నుండి 10 మిల్లీమీటర్లు జరిగినచో సరి. మొదట 15 జరిగినది, చేతిపంపుతో కొట్టితిని, 6 అయినది, కొంచెము వదలితిని. నా 72 కిలోలకు 160 పౌండ్ల ఒత్తిడి వద్ద ఉంగరము 9పై నిలిచినది. ఇంతకు ఆ సాయంకాలము గడచినది, కాఫీ చల్లారినది.

విడిభాగములుగా కొనుటకు నేను చెప్పుకొన్న కారణము పొదుపు. పూర్తి సైకిలు దిగుమతిపై సుంకమును 2023 బడ్జెట్టులో 30 నుండి 35 శాతమునకు పెంచిరి గదా, కూర్చుకొన్నచో మిగులునని తలచితిని. అంతయు అయిన పిమ్మట లెక్క చూడగా మిగిలినది గ్రీజు మరకలు మాత్రమే. అసలు కారణము వేరు. అంతకు కొన్నేండ్ల ముందు ఒక దుకాణములో కుర్రవాడు నా పాత సైకిలు కార్బను సీటుకడ్డీని, ఉక్కు కడ్డీకి అలవాటైన చేతితో, పండ్లు బిగబట్టి బిగించెను. ‘టక్’ మని చిన్న చప్పుడు. బయటికి కనిపించినది వెంట్రుకవంటి గీత. ఉక్కు వంగి హెచ్చరించును, కార్బను హెచ్చరింపదు. ఆ కడ్డీ వారము తిరుగకుండ రెండయినది, అదృష్టవశమున ఇంటిగేటు ముందే. నాటినుండి కొలతగల స్పానరు లేక బోల్టు ముట్టను. హ్యాండిలు బోల్టుకు 5 న్యూటన్ మీటర్లు—మీటరు పొడవు కడ్డీ చివర అరకిలో రాయి వ్రేలాడదీసినంత మెలిక. అంతకుమించినది బలము కాదు, భయము.

ఇంటికి సముద్రము దగ్గరగుట ఇంకొక చిక్కు. అల్యూమినియము కార్బనును తాకి, నడుమ ఉప్పుతేమ చేరినచో, అది చిన్న బ్యాటరీయై అల్యూమినియమును తినివేయును; తిరువాన్మియూరు గాలికి ఇది త్వరగా జరుగును. తెల్లని పిండి రాలుట చూచినచో రోగము ముదిరినట్లే. అందుచేత ప్రతి బోల్టుకు గ్రీజు, నెలకొకసారి విప్పి తుడుచుట. చక్రములు 29 అంగుళములవని గొప్పగా చెప్పుదురు గాని, వాని రిమ్ముపై టైరు కూర్చుండు వ్యాసము 622 మిల్లీమీటర్లు. మన తాతల ‘28 అంగుళముల’ సైకిలుది 635. పెద్దాయన రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచి, ఏమియు అనక, కండ్లతో నవ్వెను.

ఇక కొండ. తెల్లవారుజాము నాలుగింటికి రెడ్‌హిల్స్, పెరియపాళెము దాటి ఊత్తుకోట చేరునప్పటికి తూర్పు తెల్లబడును. ఆపైన దుకాణముల పలకలపై అక్షరములు గుండ్రబడును. సురుటుపల్లిలో హాలాహలము మ్రింగి అలసిన శివుడు పార్వతి ఒడిలో తలపెట్టి పవ్వళించి యుండును. అటుపైన నాగలాపురము, శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేర వెలసిన ఊరు, మత్స్యరూపుడైన వేదనారాయణస్వామి ఉన్నచోటు. 1953లో ఆంధ్రరాష్ట్రము మదరాసు లేకుండ ఏర్పడినది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి అటు పోగా సత్యవేడు ప్రాంతము చిత్తూరు జిల్లాకు వచ్చినది. పట్టణము వారికి, గుట్టలు మనకు. చెన్నపట్టణపు తెలుగువాడు కొండసైకిలు త్రొక్కదలచినచో ఆంధ్రకే రావలసియుండుట నాకు కొంత ఊరట.

అడవిలోనికి అటవీశాఖవారి అనుమతి లేక పోరాదు. నాకు గుట్టల పాదములందలి బండిదారులు, చెరువుకట్టలు చాలును. ఎర్రమొరము, గుండ్రాళ్లు, వానకు కోసిన చాళ్లు. ముందు పండ్లచక్రమునకు 32 పండ్లు, వెనుక పెద్దదానికి 51: పెడలు ఒక చుట్టు త్రిప్పినచో చక్రము మూడింట రెండువంతుల చుట్టు కూడ తిరుగదు, నడచువాడు దాటిపోవు వేగము, కాని ఎంత ఏటవాలైనను ఆగదు. రాయి వచ్చినప్పుడు సీటునుండి కొంచెము లేచి, మోచేతులు మోకాళ్లు వదులుచేసి, చూపు రాతిమీద నిలుపక దాని అవతల నిలుపవలెను. ముందుచక్రము ఎక్కును, నడుమున ఒక నిట్టూర్పు వినబడును, వెనుకచక్రము దాటిపోవును. పాత సైకిలుపై ఆ రాయి వెన్నుపూసలో పలికెడిది.

పారిస్‌కును చెప్పుకొనదగిన కొండ లేదు. 2024 ఒలింపిక్స్‌లో కొండసైకిలు పందెము పాత రాతిగనుల మీదను చెత్తదిబ్బల మీదను ఏర్పడిన ఎలాంకూర్ గుట్టపై, 231 మీటర్ల ఎత్తున జరిగినది. మన పెరుంగుడి, కొడుంగైయూరు దిబ్బలను తలచుకొని కొంచెము ఆశ పడితిని. నాడు ముందు వరుసలోనున్న బ్రిటను రౌతు టామ్ పిడ్‌కాక్ టైరులో గాలి పోయి, చక్రము మార్చుకొని, అర నిమిషమునకు మించి వెనుకబడియు చివరకు గెలిచెను.

నాగలాపురము కట్టమీద నాకు చక్రము మార్చువారు లేరు; సర్కారుతుమ్మ ముళ్లు మాత్రము కావలసినన్ని. నా టైర్లలో ట్యూబులు లేవు. రబ్బరుపాలవంటి తెల్లని ద్రవము పోసియుండును, ముల్లు దిగిన చోటికి అదే పరుగెత్తి గడ్డకట్టును. మన ఎండకు రెండు మూడు నెలలకే ఆరిపోవును గనుక మరల పోయుచుండవలెను. ఒకనాడు వేపచెట్టు క్రింద దిగి, ముందుచక్రము మెల్లగా త్రిప్పి లెక్కించితిని: ఏడు ముళ్లు, ఏడింటి మొదట తెల్లని నురుగు బొట్టు. మేకలు కాయు కుర్రవాడు వచ్చి చూచి, జాలిపడి, ఒక ముల్లు పెరుకబోయెను.

“వద్దు నాయనా, తీస్తే గాలి పోతుంది” అంటిని.

“మరి ఉంటే?” అనెను వాడు.

“ఉంటే పోదు.”

వాడు నన్నును సైకిలును మార్చి మార్చి చూచి, మేకల వెంట పోయెను. నేను ఏడు ముళ్లతోనే ఊత్తుకోట దాటితిని.