లలితగారి పట్టమును, మన బాలికల చదువును

గడచిన తల్లిదండ్రుల సమావేశమున ఒక తండ్రిగారు మమ్ము ప్రక్కకు పిలిచి ఒక మాట అడిగిరి. వారి కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. గణితమున తరగతిలో అందరికంటె ముందుండును. "అయ్యవారూ, తెలుగులో చదివిన ఆడబిడ్డకు ఇంజనీరు చదువెందుకు? అంత ఖర్చుపెట్టి చదివించినా, రేపు పెండ్లియైన పిమ్మట ఇంటిపట్టుననే గదా ఉండవలె!" అనిరి. వారు బిడ్డ మేలు కోరియే అడిగిరి. తిరుత్తణి గ్రామములలోను, తిరువళ్ళూరు పరిసరములలోను ఇట్టి మాట మేము అనేక గృహములలో వినుచున్నాము. అందుచేత దానికి సమాధానము ఈ పత్రికాముఖమున వ్రాయుటకు పూనుకొంటిమి.

సమాధానముగా ఒక తెలుగు స్త్రీ చరిత్ర చెప్పెదము. అది మన జిల్లాకు ఆనుకొనియున్న చెన్నపట్టణమున జరిగినదే. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, 1881వ సంవత్సరమున వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున జరిపించిన తొలి వితంతు వివాహమును గూర్చి పలుమారులు చదివితిమి గాని, ఈమె పేరు మాత్రము వినియుండలేదు. ఇక్కడకు వచ్చిన పిమ్మటనే తెలిసినది.

ఆమె అయ్యలసోమయాజుల లలితగారు. 1919 ఆగస్టు 27వ తేదీన చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్ర ఆచార్యులు. విద్యావంతుల కుటుంబమే యైనను ఆనాటి ఆచారము ఆనాటిదే: లలితగారికి పదునైదవ యేట వివాహమైనది. అయినను పదవ తరగతి వరకు చదువు ఆగరాదని తండ్రి పట్టుపట్టిరి. 1937లో శ్యామల యను కుమార్తె కలిగినది. బిడ్డకు నాలుగు నెలలు నిండునప్పటికి భర్త మరణించిరి. అప్పటికి లలితగారికి పదునెనిమిదేండ్లు.

ఆ కాలమున వితంతువు బ్రతుకు ఎట్లుండెడిదో మన ముత్తవ్వల నడిగిన తెలియును. లలితగారు పుట్టింటికి వచ్చి, క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించి, వృత్తివిద్య చదువగోరిరి. స్త్రీలకు వైద్యవిద్య అప్పటికే అందుబాటులో నుండెను. కాని వైద్యురాలైనచో అర్ధరాత్రివేళ రోగి కబురు పంపగా పసిబిడ్డను విడిచి పోవలసియుండును. ఇంజనీరునకు పగటిపూట నిర్ణీత వేళలలో పనియుండునని తలచి ఆమె ఇంజనీరింగును ఎంచుకొనిరి. పాఠకులు ఈ అంశమును కొంత నిలిచి గమనింప ప్రార్థన. యంత్రములు ఆడువారికి తగవని లోకమనుచుండగా, బిడ్డతల్లికి యంత్రవిద్యయే అనుకూలమని ఆమె లెక్కవేసికొనిరి. ఆ లెక్క ఈనాటికిని సరిగనే యున్నదని మా తలంపు.

గిండీ కళాశాలలో అప్పటివరకు అందరును బాలురే. సుబ్బారావుగారు ప్రిన్సిపాలు కె.సి. చాకోగారితో మాటలాడిరి, విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథముగారి అనుమతి లభించినది. అంతమంది బాలుర నడుమ ఒక్క బాలిక వసతిగృహమున ఒంటరిగ నుండవలసివచ్చుటచే, ఇతర స్త్రీలను గూడ చేర్చుకొనుడని తండ్రి అధికారులను ఒప్పించిరి. అట్లు చేరినవారు పి.కె. త్రేసియాగారును, లీలమ్మ జార్జిగారును. వారు సివిల్ శాఖ చదివిరి. 1943లో లలితగారు విద్యుత్ శాఖలో ఉత్తీర్ణులైరి. ఆమె పట్టపత్రమున 'అతడు' అను అర్థముగల ఆంగ్లపదము ముందుగనే అచ్చువేయబడి యుండగా, దానిని కొట్టివేసి 'ఆమె' యని చేతితో వ్రాసియిచ్చిరి.

పిదప జమాల్పూరు రైల్వే కర్మశాలలో ఒక సంవత్సరము శిక్షణ పొంది, సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో పనిచేసిరి. కొంతకాలము తండ్రిగారి పరిశోధనలలో తోడ్పడిరి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలెక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను సంస్థలో చేరి, ప్రసారమార్గముల రూపకల్పన చేయుచు, భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుదుత్పాదక యంత్రముల పనిలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీరుల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు హాజరైరి. 1966లో లండనులోని విద్యుత్ ఇంజనీరుల సంస్థ పూర్ణ సభ్యత్వ మొసగినది. 1977లో ఉద్యోగవిరమణ చేసి, 1979 అక్టోబరు 12న దివంగతులైరి. ఆమెతోపాటు గిండీలో చదివిన త్రేసియాగారు 1971లో కేరళ రాష్ట్ర ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరైరి.

ఆమె తెలివిని మెచ్చుకొని ఊరకుండిన ఈ చరిత్ర మనకు సగమే అర్థమైనట్లు. ఆమె సిమ్లాకు పోయినది అచ్చట సోదరుని ఇల్లుండుటచేత. కలకత్తాను ఎంచుకొనినదియు సోదరుడుండుటచేతనే. ఆమె కచేరికి పోయినప్పుడు శ్యామలను చూచుకొనినది వదినెగారు. కళాశాల తలుపు తండ్రి తెరపించిరి; ఉద్యోగము ముప్పది సంవత్సరములు నిలచుటకు ఇంటివారు కారణమైరి. పేరు వినబడని ఆ వదినెగారికి గూడ భాక్రా నంగలులో కొంత పాలు కలదని మేము విద్యార్థినులతో చెప్పుచుందుము.

నేడు ఇంజనీరింగు చదువు ఆడపిల్లలకు మూయబడిలేదు. మన గ్రామముల మీదుగా శ్రీపెరుంబుదూరు కర్మాగారముల బస్సులు పోవుచుండును. అచ్చట వేలకొలది యువతులు సెల్ ఫోనులు కూర్చుచున్నారు. అది గౌరవమైన పనియే. కాని ఫోనును కూర్చువారు వేరు, దాని లోపలి పరిపథమును గీయువారు వేరు. మన బిడ్డలు మొదటి వరుసలోనే నిలిచిపోవుటకు కారణము బుద్ధిలోపము కాదు, చదువు ఆగిపోవుటయే. ఆ వరుసలోనైన అందరికి చోటు దొరకునా? పెండ్లియైన స్త్రీలను ఒక కర్మాగారమున పనిలోనికి తీసికొనుట లేదని 2024 జూనులో పత్రికలు ప్రకటింపగా, కేంద్ర ప్రభుత్వము తమిళనాడు కార్మిక శాఖను నివేదిక కోరవలసివచ్చినది. చట్టము మాత్రము స్త్రీల పక్షముననే కలదు. 2017 నాటి సవరణ వలన మొదటి ఇద్దరు బిడ్డల ప్రసవములకు 26 వారముల వేతనముతోడి సెలవును, 50 మందియు ఆ పైనను పనిచేయు చోట శిశుసంరక్షణశాలయు ఏర్పడినవి. లలితగారి వదినె చేసిన పనిని శాసనము కొంత తనపై వేసికొనినదన్నమాట. మిగిలినది అత్తవారును, పుట్టినవారును, ముఖ్యముగా భర్తయును చేయవలెను.

ఇక 'తెలుగులో చదివిన ఆడబిడ్డ' యను మాట. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. నాటినుండి మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, పుస్తకమున ఇంగ్లీషును మోయుచున్నారు. ఇది భారమే, కాదనము. కాని విద్యుత్తునకు భాష లేదు. మనము 'నిరోధము' అన్నను, తమిళులు 'మిన్‌తడై' అన్నను, ఆంగ్లమున 'రెసిస్టెన్స్' అన్నను, 12 వోల్టులను 3 ఓములచే భాగించిన 4 ఆంపియర్లే వచ్చును. (తమిళ పత్రికలలో కరెంటు పోవుటను గూడ 'మిన్‌తడై' యనియే వ్రాయుదురు, ఒక విద్యార్థిని దీనిని జూచి, ఊరంతకు నిరోధము కలిగినదా యని అడిగి మమ్ము నవ్వించినది.) భావము మాతృభాషలో గట్టిపడినచో పేర్లు మార్చుకొనుట ఒక సంవత్సరపు శ్రమ. భావమే పట్టువడనిచో ఏ మాధ్యమమైనను వ్యర్థమే.

ఖర్చు సంగతియు చెప్పవలెను. ఆరవ తరగతినుండి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివినవారికి ఇంజనీరింగు మున్నగు వృత్తివిద్యలలో నూటికి 7.5 చొప్పున స్థానములు 2021 నాటి శాసనముచే కేటాయింపబడినవి. వారి బోధనరుసుమును, వసతిరుసుమును తామే భరింతుమని రాష్ట్ర ప్రభుత్వము ఆ సంవత్సరమే ప్రకటించినది. ప్రభుత్వ పాఠశాలల బాలికలకు పై చదువుల కాలమున నెలకు 1000 రూపాయలిచ్చు 'పుదుమై పెణ్' పథకము 2022 సెప్టెంబరులో మొదలైనది. సాంకేతిక విద్యామండలివారి 'ప్రగతి' వేతనము, కుటుంబపు వార్షికాదాయము 8 లక్షలకు మించనిచో, ఇంటికి ఇద్దరు బాలికల వరకు సంవత్సరమునకు 50,000 రూపాయల చొప్పున లభించును. పాలిటెక్నికు డిప్లమాకును ఇది వర్తించును. పదవ తరగతి పిమ్మట డిప్లమా చదివి, అటుపై ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరుటయు కలదు. దూరపు కళాశాలకు వెంటనే పంప జంకువారికి ఇది మంచి మార్గము.

వీనికి ఆదాయ ధ్రువపత్రము ముఖ్యము. దరఖాస్తు చేయవలసినది ఇ-సేవై కేంద్రమున. అచ్చటి తమిళ పత్రములు చదువలేని తల్లిదండ్రులు శనివారము మధ్యాహ్నము పాఠశాలకు వచ్చినచో మేము చదివి వినిపింతుము. మొదట చెప్పిన తండ్రిగారు పోయిన వారము వచ్చి, ఏమేమి కావలెనో ఒక కాగితము మీద వ్రాసికొని పోయిరి. కుమార్తె వెంట రాలేదు. ఆనాడు ఆమెకు గణిత పరీక్ష.