తూటాను విప్పుట

నార్సింగి నుండి ఒక శ్రోత వ్రాసిన జాబు ఇటీవల మాకు అందినది. వారు తమ పాత ఇల్లు పడగొట్టించి అపార్టుమెంటు కట్టించుచున్నారు. అటుక మీది రేకుపెట్టెలో, దివంగతులైన తండ్రిగారి నాటి రైఫిలు తూటాలు ఇరువది వరకు కనబడినవి. తండ్రిగారు లైసెన్సు కలవారు, వేటగాండ్రు. వానిలో కొన్నింటిని ఆయన స్వహస్తముతో నింపుకొన్నట్లు పెట్టెలోని చీటీ వలన తెలియుచున్నదట. "పటకారుతో గుండు పెరికి మందు దులిపివేసినచో మిగిలినది ఉత్త ఇత్తడియే గదా" అని బావమరదిగారి సలహా. ఇది నిజమా అని శ్రోతగారి ప్రశ్న.

నిజము కాదు. ఎందుకు కాదో తెలియవలెనన్నచో తూటా యనగా నేమో మొదట తెలియవలెను. మన పత్రికలు "తూటా శరీరములో దిగినది" అని వ్రాయుచుండును. దిగునది తూటా కాదు, గుండు. తూటా యనునది నాలుగు వస్తువుల పొత్తు. ఇత్తడి గొట్టము ఒకటి. ఇందులో రాగి పాళ్లు సుమారు డెబ్బది, తుత్తునాగము ముప్పది. దాని మూతిలో బిగించిన గుండు రెండవది; సీసపు గుజ్జునకు రాగి తొడుగు వేసి దీనిని చేయుదురు. గొట్టములోని మందు మూడవది. గొట్టపు అడుగున, నడిమి గుంటలో, చిన్న టోపీవలె కూర్చుండునది నాలుగవది. దీనినే ప్రైమరు అందురు. తుపాకి సూది తగిలిన తోడనే ప్రైమరు పేలును, ఆ నిప్పు మందునకు అంటుకొనును, పుట్టిన వాయువు గుండును వెడలగొట్టును.

ఇవి యన్నియు ఒక్క గొట్టములో ఇమిడినది పందొమ్మిదవ శతాబ్దిలోనే. అంతకు పూర్వము తూటా కాగితపు పొట్లము. సిపాయి దానిని పండ్లతో చించి, మందు గొట్టములో పోసి, గుండును కూరుకొనెడివాడు. ఆ కాగితమునకు పూసిన క్రొవ్వును గూర్చిన వార్త 1857లో ఎంత మంట రేపినదో చరిత్ర చదివిన వారికి తెలియును. ఆ సంవత్సరము జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వమున హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడి జరిగినది. ఒక కాగితపు పొట్లము చరిత్రలో అంత స్థానము సంపాదించుట అరుదు.

ఇక చేతితో నింపిన తూటా సంగతి. పేలిన తూటాలో గుండు, మందు, ప్రైమరు పోవును గాని ఇత్తడి గొట్టము మిగులును. దానిని శుభ్రపరచి, సరియైన కొలతకు తెచ్చి, క్రొత్త ప్రైమరు, మందు, గుండు కూర్చినచో మరల తూటా యగును. అమెరికా వంటి దేశములలో గురికాండ్రు పలువురు ఈ పని ఇంటివద్దనే చేసికొందురు. కొంత పొదుపు కొరకు, కొంత తమ రైఫిలునకు అతికినట్టి తూటా కొరకు. మందును తూచుటకు వాడు తూనిక పేరు గ్రెయిను. ఒక గ్రెయిను గురివింద గింజ బరువులో సుమారు సగము. మన పోలీసువారి చేతిలో చిరకాలము మసలిన "త్రీ నాట్ త్రీ" తూటాలో గుండు బరువు 174 గ్రెయినులు. మందు నలువది గ్రెయినులకు లోపు. ఈ గుప్పెడైన లేని మందు గుండును సెకనుకు 2,440 అడుగుల వేగముతో పంపును. అప్పుడు గొట్టములో పుట్టు ఒత్తిడి చదరపు అంగుళమునకు 45,000 పౌండ్లకు పైమాట. లారీ టైరులో గాలి నూరు పౌండ్ల ప్రాంతమున ఉండును; పోల్చి చూడుడు.

కనుక నింపుటలో రెండు గింజల ఎత్తు పొరపాటును చిన్నది కాదు. మందు ఎక్కువైనచో తుపాకియే బ్రద్దలు కావచ్చును. బొత్తిగా మందు పోయుట మరచినచో అది మరొక విధముగా ప్రమాదము. ప్రైమరు బలము మాత్రమే గుండును నెట్టి గొట్టము నడుమ నిలిపివేయును. కాల్చినవాడు తుస్సుమన్నదనుకొని రెండవ తూటా పేల్చినచో దారి మూసికొనియున్న గొట్టము పగులును. అనుమానము కలిగిన తూటాను తూచి చూచిన సరిపోదా యని తోచును. సరిపోదు. ఇత్తడి గొట్టములలోనే ఒకదానికి మరొకదానికి అనేక గ్రెయినుల భేదముండును. మందులోని లోపము ఆ భేదములో మరుగునపడును. నమ్మదగిన ఉపాయము ఒక్కటే, తూటాను విప్పుట.

విప్పుటకు రెండు సాధనములు కలవు. ఒకటి సుత్తివంటిది. దాని తల బోలు. తూటా అంచును ఒక పట్టులో బిగించి, గుండు లోపలివైపు ఉండునట్లు ఆ తలలో అమర్చి, గట్టి మొద్దు మీద కొట్టుదురు. మన పల్లెలలో గొడ్డలి వదులైనప్పుడు కామ అడుగును రాతిమీద గుద్దుదురు గదా! కామ ఆగును, గొడ్డలి తన వేగముతో క్రిందికి జారి బిగియును. ఇక్కడను అదే సూత్రము. సుత్తితోపాటు ఇత్తడి గొట్టము ఆగును, బరువైన గుండు ఆగక ముందునకు జారును. రెండు మూడు దెబ్బలకు గుండు, మందు రెండును బోలుతలలో రాలును. రెండవ సాధనము, తూటాలు నింపు ప్రెస్సునకే బిగించు పట్టుకారు. అది గుండును కౌగిలించి పట్టుకొనును. మీట ఆడించగా గొట్టము క్రిందికి తొలగిపోవును. ఇందులో దెబ్బ లేదు, చప్పుడు లేదు. ఏండ్ల తరబడి నిలువయున్న తూటాలలో గుండు ఇత్తడికి అంటుకొనిపోవును. అట్టివానిని మొదట వెంట్రుకవాసి లోపలికి నొక్కి, ఆ అంటు విడిపించి, పిమ్మట లాగుదురు. ఏ పద్ధతి యైనను కండ్లకు అద్దములు ఉండవలెను. రాలిన మందును పేరు తెలియని మందుతో కలుపరాదు.

సుత్తిని ఎన్నటికిని వాడరాని తూటాలు కొన్ని కలవు. 0.22 తూటాలో ప్రైమరు గుంట లేదు. పేలుడు పదార్థము అంచు చుట్టును ఉండును. పట్టు బిగియునది ఆ అంచుకే. ఒలింపిక్ రైఫిలు పోటీలు గాలి రైఫిలుతోను, 0.22 తోను మాత్రమే జరుగును గనుక, 2012లో లండనులో కాంస్యపతకము గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగ్ వంటివారికి ఆ పోటీలలో ఈ చేతి నింపుడుతో పనియే లేదు.

ఇప్పుడు బావమరదిగారి పటకారు సంగతి చూతము. గుండు ఊడినను, మందు రాలినను, ప్రైమరు అడుగుననే యుండును. "ఉత్త ఇత్తడి" అనుకొన్న దానిలో తూటా అంతటిలోను మిక్కిలి సున్నితమైన పదార్థము సజీవముగా మిగిలియున్నది. నూనెలో నానబెట్టిన చచ్చునందురు, ఆ మాట నమ్మదగినది కాదు. నిప్పులో వేయుట మరింత తెలివితక్కువ. గొట్టము చిట్లి ముక్కలు కండ్లలో పడును. పునాది గోతిలో పూడ్చినచో రేపు ఏ కూలివాని గడ్డపారకో తగులును. పైగా ముప్పది నలువది ఏండ్ల క్రిందటి మందు ఏ స్థితిలో నున్నదో చూడక చెప్పుట కష్టము. చెడిన మందు పుల్లని ఘాటు వాసన కొట్టును, ఎఱ్ఱని పొగ విడుచును.

చట్టము మాటయు కలదు. 1959 నాటి ఆయుధముల చట్టము తూటాను మాత్రమే గాక తూటా భాగములను, వానిని తయారుచేయు యంత్రములను గూడ మందుగుండు సామగ్రిగానే పరిగణించును. కాబట్టి విడదీసినంత మాత్రమున బాధ్యత తొలగదు. లైసెన్సు లేనిదే తూటాలు నింపుట తయారీ నేరమగును. తండ్రి లైసెన్సు ఆయనతోనే ముగియును, కుమారునకు వారసత్వముగా రాదు. అట్టి వస్తువులను అనవసరమైన ఆలస్యము లేక సమీప పోలీసు ఠాణా అధికారికి గాని, లైసెన్సు గల వర్తకునకు గాని అప్పగింపవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది. దాచినవారికే భయము, అప్పగించువారికి కాదు.

పెట్టెను స్కూటరు మీద పెట్టుకొని స్వయముగా బయలుదేరవలదు. పిల్లలకు, పనివారికి అందని నీడపట్టున ఉంచి, ఠాణాకు ఫోను చేసి, వారు చెప్పినట్లు చేయుడు. అప్పగించిన తూటాల సంఖ్యతో రసీదు తీసికొనుడు. తండ్రిగారి చీటీని మాత్రము పారవేయక పెట్టెలోనే ఉంచుడు. ఏ మందు, ఎన్ని గ్రెయినులు పోసినారో అందులో వ్రాసియున్నచో, ఆ తూటాలను విప్పబోవు నిపుణునకు అంతకు మించిన సహాయము లేదు.