పిట్టగోడ కట్టవలసినది ఎవరు? హెచ్.ఐ.వి. వ్యాప్తి నిరోధంలో వ్యక్తిగత, చట్టపరమైన బాధ్యత

ఉపోద్ఘాతం

మేము పరిచర్య చేస్తున్న ప్రజ్ఞాపూర్ రాజీవ్ రహదారి మీద ఉంది. హైదరాబాదు నుండి సిద్దిపేట, కరీంనగర్ మీదుగా రామగుండం వరకు సాగే ఈ దారిలో రాత్రింబగళ్లు లారీలు నడుస్తూనే ఉంటాయి. ఇటువంటి ఊళ్లలో హెచ్.ఐ.వి. మాట వస్తే చాలామంది లారీ డ్రైవర్ల వైపే వేలు చూపిస్తారు. వ్యాధి దారిన పోయేవారిది అనుకుంటే మన బాధ్యత అక్కడితో తీరిపోతుంది. కాని భర్తను తప్ప వేరొకరిని ఎరుగని స్త్రీలెందరో ఈ వైరస్ బారిన పడ్డారు. వారిలో మన ఆరాధనలలో కూర్చునేవారూ ఉన్నారు. కాబట్టి మూడు ప్రశ్నలను పరిశీలించుదాము. వ్యాప్తిని అడ్డుకొనవలసిన బాధ్యత ఎవరిది? చట్టం ఏమి కోరుతున్నది? రహస్యంగా తన చెవిని పడిన సంగతిని పాస్టరు ఏమి చేయాలి?

1. ధర్మశాస్త్రంలో రెండు నియమాలు

నిర్గమకాండము 21:28-29లో పొడిచే ఎద్దును గూర్చిన నియమం ఉన్నది. ఎద్దు అకస్మాత్తుగా ఒకరిని పొడిచి చంపితే యజమానుడు నిర్దోషి. అది పొడుస్తుందని ముందే తెలిసి, హెచ్చరిక పొంది కూడా కట్టివేయకపోతే అతడు దోషి. ఇక్కడ దోషాన్ని నిర్ణయించేది ‘తెలిసి ఉండడం’.

ద్వితీయోపదేశకాండము 22:8 మరొక దారిలో నడుస్తుంది. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరూ ఇంకా పడలేదు, ఎవరూ హెచ్చరించలేదు. అయినా ఆ బాధ్యత ఇల్లు కట్టిన ప్రతివానిదీ. మొదటి నియమం తెలిసినవానిని నిలదీస్తుంది. రెండవది అందరినీ ముందుగానే పనికి పిలుస్తుంది. హెచ్.ఐ.వి. విషయంలో ఈ రెండూ అవసరమే.

2. దేశ చట్టం

ప్రాణాపాయకరమైన వ్యాధిని వ్యాపింపజేసే అవకాశమున్న పనిని నిర్లక్ష్యంగా చేస్తే 6 నెలల వరకు, దురుద్దేశంతో చేస్తే 2 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చునని భారత శిక్షాస్మృతి 269, 270 సెక్షన్లు చెప్పేవి. 2024 జూలై 1 నుండి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 271, 272 సెక్షన్లు అమలులోకి వచ్చాయి. వ్యాధి వ్యాపించవచ్చునని తెలిసి ఉండడం, లేక నమ్మడానికి కారణం ఉండడం వీటికి ఆధారం. ఇది ఎద్దు నియమానికి దగ్గరగా ఉన్నది.

2017లో పార్లమెంటు ఆమోదించగా 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం మరింత సూక్ష్మంగా మాట్లాడుతుంది. దాని 10వ సెక్షన్ ప్రకారం, తనకు హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసి, కౌన్సెలింగ్ పొందిన వ్యక్తి ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. ఈ జాగ్రత్తలలో శారీరక సంబంధానికి ముందే ఎదుటివారికి తన స్థితిని తెలియజేయడం కూడా ఒకటి. అయితే, చెబితే హింసకో, ఇంటి నుండి గెంటివేతకో గురయ్యే అవకాశమున్న స్త్రీకి లైంగిక సంబంధం విషయంలో చట్టం మినహాయింపు ఇచ్చింది. మన ఇళ్ల సంగతి తెలిసినవారికి దాని అవసరం వివరించనక్కరలేదు.

అదే చట్టం బాధితులకు రక్షణ కూడా కల్పించింది. వివక్ష చూపరాదు. సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు.

3. సింగరేణి తీర్పు నేర్పే పాఠం

ఈ రహదారి వెళ్లే రామగుండం ప్రాంతం సింగరేణి బొగ్గుగనులకు పేరుపొందినది. సింగరేణి సంస్థలో పనిచేసే ఒక ఉద్యోగి భార్యకు 1998లో శస్త్రచికిత్స సందర్భంగా ఆమె సోదరుని రక్తం ఎక్కించారు. ఆ రక్తానికి హెచ్.ఐ.వి. పరీక్ష జరగలేదు. ఆమెకు వైరస్ సోకింది. 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక లక్ష రూపాయల పరిహారం చెల్లించవలసిందిగా ఆదేశించింది.

అక్కను గాని చెల్లెలిని గాని బ్రతికించుకోవాలని రక్తమిచ్చే సోదరునిలో మనం ఏ దోషం వెదకగలం? ప్రేమ ఉన్నది, పిట్టగోడ లేదు. వ్యాప్తిని అడ్డుకొనే భారమంతా వైరస్ ఉన్నవాని మీద మోపి మిగిలినవారు చేతులు దులుపుకోవడానికి వీలులేదని ఈ ఉదంతం చెబుతున్నది. అంతేకాదు, తెలిసినవానికి మాత్రమే శిక్ష అని జనం అర్థం చేసుకుంటే, తెలుసుకోకుండా ఉండడమే క్షేమమని పరీక్షకు దూరమవుతారు. అందుచేత పరీక్ష చేయించుకోవడమే మొదటి పిట్టగోడ. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో ఇది ఉచితం.

నేడు తెలుసుకున్నవానికి నిరీక్షణ కూడా ఉన్నది. 2004 నుండి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇస్తున్నది. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకని స్థాయికి తగ్గి అలాగే నిలిచినవారి నుండి లైంగికంగా ఇతరులకు సోకదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. చికిత్స లేకపోతే తల్లి నుండి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుంది. చికిత్సతో అది 5 కంటే తక్కువకు దిగుతుంది. కాబట్టి ప్రతిదినం మాత్ర వేసుకోవడం కూడా పొరుగువానిని ప్రేమించడమే.

4. పాస్టరు చెవిని పడిన రహస్యం

పెండ్లి ప్రకటన చదవవలసిన వారంలో వరుడు వచ్చి, “అయ్యగారూ, నాకు హెచ్.ఐ.వి. ఉంది, అమ్మాయికి చెప్పలేదు” అన్నాడనుకొందాము. మనమేమి చేయాలి? 1998లో ఇటువంటి వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు, ఆసుపత్రి ఆ సంగతి వెల్లడించడం తప్పు కాదన్నది. వ్యాధి ఉన్నవారి వివాహ హక్కును గూర్చి అప్పుడు చేసిన వ్యాఖ్యలు అనవసరమైనవని 2002లో తానే పేర్కొన్నది. 2017 చట్టం 8వ సెక్షన్ ప్రకారం, నమ్మకంతో చెప్పిన సంగతిని అతని సమ్మతి లేకుండా మనం బయటపెట్టరాదు. నిర్ణీత షరతులకు లోబడి జీవిత భాగస్వామికి తెలియజేసే అధికారాన్ని 9వ సెక్షన్ వైద్యునికి, కౌన్సెలర్‌కు ఇచ్చిందే గాని పాస్టరుకు ఇవ్వలేదు.

అలాగని మౌనంగా మంగళసూత్రాన్ని ఆశీర్వదించలేము. లేవీయకాండము 19:16 కొండెములు చెప్పడాన్నీ, పొరుగువాని ప్రాణానికి హాని తలపెట్టడాన్నీ ఒకే వచనంలో నిషేధించింది. రెండింటి నడుమ ఇరుకైన దారి ఒకటి ఉన్నది. అతనితో కలిసి కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాలి. ఆమెకు అతడే స్వయంగా చెప్పేవరకు వివాహం జరిపించలేమని అతనికి ఏకాంతంగా, స్పష్టంగా చెప్పాలి. వాయిదాకు కారణం ఎవరడిగినా మన నోట రాకూడదు. తెలిసిన తరువాత కూడా ఆమె తన ఇష్టంతో ఒప్పుకుంటే, వైద్యుని సలహాతో వారు ముందుకు సాగుతుంటే, సంఘం సంతోషంగా దీవించాలి.

వివాహానికి ముందు ఇద్దరినీ పరీక్షకు ప్రోత్సహించడం మంచిదే. అయితే బలవంతపెట్టడం, రిపోర్టు కమిటీ ముందు పెట్టమనడం తగదు.

ముగింపు

గలతీయులకు 6:2లో ఒకరి భారములు ఒకరు భరించమన్న పౌలు, 6:5లో ఎవని బరువు వాడే మోసికొనవలెనన్నాడు. గ్రీకులో మొదటిది ‘బారోస్’, అనగా మనిషిని కృంగదీసే భారం. రెండవది ‘ఫోర్టియోన్’, అనగా ఎవరి మూట వారిది. పరీక్ష చేయించుకోవడం, నిజం చెప్పడం, మందులు వాడడం వ్యక్తి మోయవలసిన మూట. భయం, అవమానం, ఒంటరితనం మాత్రం సంఘం పంచుకొనవలసిన భారం. మన సంఘంలో నిజం చెప్పినవాడు వెలివేయబడితే, తరువాతివాడు నిజం దాస్తాడు. ఆ దాపరికం వలన మరొకరికి వ్యాధి సోకితే, పిట్టగోడ లేని ఆ ఇంటిని కట్టినవారిలో మనమూ ఉంటాము.