తుప్పు పట్టని ఉక్కుకు తొడుగెందుకు?

ఆవకాయను స్టీలు డబ్బాలో నిల్వ పెట్టరు, జాడీలోనే పెడతారు. ఎందుకని అడిగితే ‘డబ్బా పాడవుతుంది’ అంటారు పెద్దలు. తుప్పు పట్టదనే కదా దానికి స్టెయిన్‌లెస్ స్టీలని పేరు! మరి పాడవడమేమిటి?

ఈ ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహంపై ఆక్సైడు పొరగా ఏర్పడుతుంది. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే, అందులో రెండు మూడు భాగాలంతే దాని మందం! గీత పడినా తనంతట తానే మళ్ళీ ఏర్పడుతుంది. ఉక్కును కాపాడేది ఈ పొరే.

దీనికి శత్రువు ఉప్పులోని క్లోరైడు. అది పొరను ఎక్కడో ఒకచోట ఛేదించి సన్నని గుంట చేస్తుంది. గుంటలోకి ఆక్సిజన్ సరిగా అందదు, ఆమ్లం పేరుకుంటుంది. ఇక పొర తిరిగి ఏర్పడలేదు. మామూలు ఇనుము ఎర్రబడి ముందే హెచ్చరిస్తుంది. ఇదో, పైకి తళతళలాడుతూనే లోపల తొలుచుకుపోతుంది. బరువు మోసే లోహమైతే పగుళ్ళు కూడా పుడతాయి. స్విట్జర్లాండులోని ఉస్టర్‌లో 1985 మే 9న ఒక ఈతకొలను పైనున్న కాంక్రీటు కప్పు కూలి 12 మంది మరణించారు. కప్పును వేలాడదీసిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు క్లోరైడు వల్ల పగిలి తెగిపోయాయి.

అందుకే రసాయన కర్మాగారాల్లో వేడి స్టీలు గొట్టాల వంటి వాటికి ఎపాక్సీ వంటి పాలిమర్ పూత వేస్తారు. అయితే పాలిమర్ అణువుల సందుల్లోంచి కూడా నీరు మెల్లగా దిగుతుంది. కాబట్టి అందులో గాజు రేకులో, అభ్రకం పొడో కలుపుతారు. ఇదే సమ్మేళన పూత. ఆ రేకులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదానిపై ఒకటి పడుకుంటాయి. నీరు సూటిగా దిగలేక వంకరటింకరగా చుట్టు తిరగాలి.

పూత అంటుకోవాలంటే నున్నని స్టీలును ముందు గరుకు చేయాలి. లేకుంటే అంచు లేచి, దాని కింద ఉప్పునీరు నిలుస్తుంది. అలాంటి పూత కంటే అసలు లేకపోవడమే మేలు! ఈతకొలను కప్పు కడ్డీలకైతే పూతను నమ్ముకోరు, మాలిబ్డినం ఎక్కువగా ఉన్న ఉక్కునే వాడతారు. మన డబ్బాకు ఇవేవీ అక్కరలేదు, కడిగి తుడిస్తే చాలు.

ఇంకో చిత్రం వినండి. అదే 1985లో డేవిడ్ డిబెరీ అనే శాస్త్రజ్ఞుడు విద్యుత్తును ప్రసరింపజేసే పాలిఎనిలీన్ అనే పాలిమర్‌ను స్టెయిన్‌లెస్ స్టీలుపై పూసి ఆమ్లంలో ఉంచాడు. అది లోహం నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుంటూ, కింది ఆక్సైడు పొరను చెడకుండా నిలిపింది. ఈ పాలిఎనిలీన్‌ను ఎపాక్సీలో కలిపి కొత్త పూతలు తయారుచేసి, శాస్త్రజ్ఞులు నేటికీ పరీక్షిస్తున్నారు.