ఆ చప్పుడు పేరేమిటి?

తెర మీద తలుపు 'కిర్రు'మంది. హాల్లో మీ గుండె 'ఝల్లు'మంది. హీరో పేరు, ఫైట్ మాస్టర్ పేరు, ఆఖరికి హీరోగారి కుక్క పేరు కూడా మీకు కంఠతా వచ్చు. మరి ఆ 'కిర్రు' పేరేమిటో చెప్పండి చూద్దాం!

చప్పుడుకి పేరేమిటండీ బాబూ అంటారా? అక్కడే ఉంది తిరకాసంతా. ఇవాళ సినిమాకి పనికొచ్చే చప్పుళ్లన్నీ కంప్యూటర్లో దాచుకున్న ఫైళ్లు. పేరు లేని ఫైలు, అడ్రసు లేని ఉత్తరం రెండూ ఒకటే. ఎక్కడో భద్రంగానే ఉంటుంది. చేరవలసిన చోటికి మాత్రం చేరదు!

సైబర్ టవర్స్ నీడలో...

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పట్నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలు మొలుచుకొచ్చాయి. ఆ మేడల్లో బ్యాంకు లెక్కలే కాదు, యానిమేషన్ బొమ్మలూ, వీడియో గేములూ తయారవుతాయి. బొమ్మ దూకితే 'ధబ్'మనాలి. గేములో కత్తి తగిలితే 'ఖణేల్'మనాలి. ఇటు ఫిలింనగర్‌కీ, అటు హైటెక్ సిటీకీ కావలసిన సరుకు ఒక్కటే... శబ్దం!

ఆ సరుకు దాచిన కొట్టునే సౌండ్ ఎఫెక్ట్స్ లైబ్రరీ అంటారు. ఏళ్ల తరబడి పోగైన లైబ్రరీ తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 'ఆడియో 43', 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్'! ఇందులో ఉరుమేది, ఉలిక్కిపాటేది? పదివేల ఫైళ్లుంటే, ఒక్కొక్కటి విని పేరు పెట్టడానికి మూడేసి నిమిషాలనుకున్నా 500 గంటలు. రోజుకి ఎనిమిది గంటల లెక్కన రెండు నెలలు దాటిపోతుంది. ఈలోగా సినిమా రిలీజై పోస్టర్లు చిరిగిపోతాయి!

మొసలి కరిచిన కేక

పేరు విలువ తెలియాలంటే హాలీవుడ్ కేక కథ వినాలి. 1951లో 'డిస్టెంట్ డ్రమ్స్' అనే చిత్రం వచ్చింది. అందులో ఒకడిని మొసలి పట్టుకుంటే పెట్టే కేక రికార్డు చేసి దాచారు. తర్వాత ఎన్నో చిత్రాల్లో వాడారు. సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ పాత టేపుల్లో దాన్ని పట్టుకుని, 1953 నాటి ఓ చిత్రంలో ఆ కేక పెట్టిన పాత్ర పేరిట 'విల్‌హెల్మ్ కేక' అన్నాడు. 1977లో 'స్టార్ వార్స్'లో వాడాడు. ఇక చూస్కోండి, వందల సినిమాల్లో అదే కేక! 2023లో ఆ కేకల అసలు రికార్డింగు ఫ్రీసౌండ్ అనే ఉచిత శబ్ద భాండాగారంలోకి చేరింది. డెబ్భై ఏళ్ల నాటి టేపు మీద మొసలి సంగతి రాసిపెట్టిన ఆ మహానుభావుడెవరో గానీ, ఆ నాలుగు మాటలే కేకని బతికించాయి.

ఒక్క దెబ్బకి వెయ్యి పిట్టలు

సరే, హైటెక్ సిటీ వాళ్లు 500 గంటలు కూర్చుంటారా? కూర్చోరు! ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కి పది లైన్ల ఆజ్ఞ రాసిస్తే, రాత్రికి రాత్రే ఫోల్డరంతా ఒకే కొలతలోకి మారిపోతుంది. సీడీ కొలత సెకనుకి 44,100 నమూనాలు. సినిమా కొలత 48,000. ఒకదాన్ని సరిగ్గా మార్చకుండా రెండోదానిలా వాయించారా, వేగం దాదాపు 9 శాతం పెరిగి గుమ్మడిగారి గంభీరమైన దగ్గు కాలేజీ కుర్రాడి దగ్గైపోతుంది!

ఇంకో సంగతి. ఎంపీ3ని పెద్ద వేవ్ ఫైలుగా మార్చినంత మాత్రాన పోయిన నాణ్యత తిరిగి రాదు. చిన్న పాత్రలోని పాలు పెద్ద బిందెలో పోస్తే పాలు పెరుగుతాయా? స్థలం మాత్రం దండగ. 24 బిట్ల స్టీరియో వేవ్ నిమిషానికి 17 మెగాబైట్లు తినేస్తుంది మరి!

పేర్ల మార్పిడి ఇంకా ప్రమాదం. ఒక పట్టికలో పాత పేరు, పక్కనే కొత్త పేరు రాసిస్తే కంప్యూటరు చకచకా మార్చేస్తుంది. కానీ రెండు ఫైళ్లకి ఒకే కొత్త పేరు పడిందా, జాగ్రత్త చెప్పని ఆజ్ఞలో రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. చప్పుడు పోయినట్టు చప్పుడైనా కాదు! అందుకే తెలిసినవాళ్లు ముందు అసలు ఫైళ్ల నకలు వేరే డిస్కులో దాస్తారు. పది ఫైళ్ల మీద ట్రయల్ వేస్తారు. పాత పేర్ల పట్టికని పారెయ్యరు. అంకెలు 1, 2 అని కాక 001, 002 అని వేస్తారు. లేకపోతే 10 వచ్చి 2 కన్నా ముందు కూర్చుంటుంది.

2020లో సౌండ్ నిపుణులు కొందరు కలిసి, అందరూ ఉచితంగా వాడుకునే ఒక పేర్ల పద్ధతి తెచ్చారు. ముందు వర్గం, తర్వాత వర్ణన, ఆపైన రికార్డు చేసినవారి గుర్తు. ఇంటిపేరు, సొంతపేరు, ఊరిపేరు అన్నమాట!

కంప్యూటరుకి తెలీనిది

ఇంతా చేసి కంప్యూటరు చెయ్యలేనిది ఒకటుంది. దానికి 'చిన్న వాన, పెద్ద వాన' అని చెబితే సరిపోతుంది. మనకి సరిపోతుందా? తుంపర వేరు, జల్లు వేరు, ముసురు వేరు, జడివాన వేరు. హీరోయిన్ వీడ్కోలు చెప్పే సీనుకి ముసురు కావాలి గానీ కుంభవృష్టి పెడితే ఎలా? ఆ తేడా విని రాయాల్సింది తెలుగు చెవి, తెలుగు చెయ్యి.

తేదీ కూడా అంతే ముఖ్యం. హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చింది 2019 మార్చిలో. 'మాదాపూర్ రోడ్డు' అని మాత్రమే రాసి ఏడాది వెయ్యకపోతే, రేపు 1998 నాటి ప్రేమకథలో మెట్రో దూసుకుపోతుంది! 2013లో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. రీలు ప్రొజెక్టరు 'టకటక' ఈనాటి కుర్రకారు ఎందరు విన్నారు? అవి మళ్లీ రికార్డు చేద్దామంటే దొరకవు. 'ఆడియో 43'లో ఉన్నది అదేనేమో! అక్కరలేదని ఒక్క మీట నొక్కితే అంతే సంగతులు.

మీ ఫోనులోనూ అలాంటివి ఉంటాయి. అమ్మమ్మ రోకటి పోటు, మీ ఊరి టూరింగ్ టాకీస్ గంట, ఇంటి ముందు ఐస్‌బండి బూర... ఈ ఆదివారం కాస్త తీరిక చేసుకుని వినండి. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు... ఈ మూడు ముక్కలూ రాయండి. ఎవరు చూశారు? రేపటి మన సినిమాలో హాలంతా 'ఝల్లు'మనే చప్పుడు మీదే కావచ్చు!